దావూదు బావ చేసిన కడియాలు

రెంటచింతల,
12-4-86

ప్రియమైన జుబేదక్కకు,

నీ చెల్లెలు కోటమ్మ రోజూ తలుచుకుని ఇయ్యాళ్టికి రాస్తన్న జాబు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. బాగున్నాం అని రాయగానే ఎవరి దిష్టన్నా తగులుద్దేమోనని భయమేస్తంది. కాబట్టి అంత బాగా ఏం లేం అనుకో.

కార్డు రాద్దామనుకుని కవరు కొన్నా. కార్డయితే పోస్టు మరియదాసు చదువుతాడు. మంచోడే పాపం. నీ కార్డు నా చేతికిచ్చేటప్పుడు, "మీ అక్కకి మోకాళ్ళ నొప్పులు తగ్గినయ్యంటమ్మా" అని ముందే చెప్పి మరీ ఇస్తాడు. ఇది అట్టా వీధిన పడే సంగతి కాదు.

ఎండలు ఇప్పుడే ఇట్టా ఉంటే రోహిణీ కార్తెకి ఏంగానో తెలవదు. నిన్న వాకిట్లో మరిచిపోయిన ఇత్తడి చెంబు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది.

అసలు సంగతి మా కొండలుది. మీ మరిది పోయినకాడ్నుంచీ ఇల్లు వాడి రెక్కల మీదే నడుస్తంది గదా. పదిహేనేళ్ళ నుంచీ నాపరాళ్ళ క్వారీలో పని. రెండేళ్ళుగా ఒకటే దగ్గు. పోయిన నెల గుంటూరు పెద్దాసుపత్రికి తీసకపోతే ఫొటో తీసి, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుంది, ఇంక రాయి దగ్గరికి పోతే మందు కూడా పనిచెయ్యదు అన్నాడంట డాక్టరు. వీడు ఆ మందు తెచ్చుకుని, తెల్లారి మళ్ళీ ఆ రాయి దగ్గరికే పోయాడు. పోక ఏం చేస్తాడు? వాడు దగ్గినప్పుడల్లా నేను లెక్కపెడతా అక్కా. నిన్న పొద్దున పళ్ళు తోముకునేలోపల నలభై ఒకటి.

ఇప్పుడొక దారి కనపడింది. బస్టాండు పక్కన ఇక్బాల్ సైకిల్ షాపు ఉంది చూడు. వాడు రంజాను పండగ చేసుకుని హైదరాబాదు వాళ్ళన్న దగ్గరికి పోతన్నాడంట. ఎనిమిది అద్దె సైకిళ్ళు, పంపు, పానాలు, రూముతో సహా రెండువేల ఎనిమిదొందలకి ఇస్తానన్నాడు. కొండలుకి ఆ పని వచ్చు. నీడపట్టున కూర్చుని చేసుకునే పని. దుమ్ముండదు.

అందుకని నా కడియాలు అమ్ముదామనుకుంటన్నా.

నీకు గుర్తుందా, నా పెళ్ళికి మా నాయన మిరపకాయలమ్మిన డబ్బులు పట్టుకుని గురజాలలో దావూదు బావ దగ్గరికి పోతే, "ఇంత బరువైన పని నేనెప్పుడూ చెయ్యలేదు మామా" అని బావ భయపడ్డాడు. అప్పటికి నీకింకా పెళ్ళి కాలేదు, మా పక్కింట్లోనే ఉన్నావు. నా కడియాలు చూసే వంకతో నన్ను రోజూ లాక్కుపోయేదానివి. నువ్వు చూసింది కడియాలనా? ఆయన ఊదుగొట్టం ఊదుతుంటే బుగ్గలు చూసి నవ్వేదానివి. కుంకుడు రసంలో తోమి చేతిలో పెడితే అవి వెన్నెల ముద్దల్లాగున్నయ్.

మీ మరిది పోయినాక అవి కాళ్ళకి పెట్టుకోలా. బియ్యం కుండలో దాచా. ఎలకలు ఎత్తకపోతయ్యేమోనని రోజూ చెయ్యి పెట్టి చూస్తా. ఎలకలు వెండి తింటాయా అని కోడలు లక్ష్మమ్మ నవ్వుద్ది.

నువ్వు వెండిపని చేసే ఇంట్లో బతికినదానివి. వెండి అమ్మటం ఎట్టా, ఏం మాట్టాడాల, కాటాలో మోసం ఎట్టా కనిపెట్టాల, అన్నీ రాయి. నన్ను చూస్తే ఎవరికైనా మోసం చెయ్యబుద్ధేస్తది.

నిద్రపట్టని నీ చెల్లెలు,
కోటమ్మ


నరసరావుపేట,
21-4-86

ప్రియమైన కోటీకి,

కవరందింది. ఇంట్లో ఉన్న బంకంతా దానికే పూశావు. చించేసరికి మధ్యలో రెండు వరుసలు చిరిగినయ్. పోన్లే, నువ్వు అన్నీ రెండుసార్లు రాస్తావు గనక సంగతి తెలిసింది.

కొండలు గురించి చదివి మనసు పాడయింది. రాయి వదిలెయ్యమను. షాపు తీసుకోమను. అది మంచి ఆలోచన.

ఇక నువ్వడిగింది. ముప్పై నాలుగేళ్ళు వెండిపని మనిషితో కాపరం చేశా. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచీ ఈ బజారులో దుకాణాలు ఊడ్చిన మట్టి కొనుక్కొచ్చి, కడిగి, అందులో మిగిలిన వెండి తీసి అమ్ముకుని బతుకుతున్నా. ఇక్కడి గుట్టు నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

కాటా మోసం పాత మాట. కాటా సరిగ్గానే తూగుద్ది. మోసం ఉంటే నోట్లో ఉంటది. ఒకే తులానికి రెండు రేట్లు. నువ్వు కొనబోతే ఒకటి, అమ్మబోతే ఒకటి. ఆ మధ్యలోది దుకాణందారుడిది. అది అన్యాయం కాదులే, వాడూ బతకాలి. దాని పైన తరుగంటాడు. అంటే, కరిగిస్తే ఇంత పోద్దని ముందే కోసుకోవటం. కొనేటప్పుడు తరుగు నీ నెత్తినే, అమ్మేటప్పుడు తరుగు నీ నెత్తినే. మరి ఆ పోయిన వెండి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, దుకాణం నేల మీదే ఉంది. ఆ నేల ఊడ్చి నాబోటిదానికి మళ్ళీ అమ్ముతాడు. పనివాళ్ళు కూర్చునే గోనెపట్టా చినిగితే పారెయ్యరు కోటీ. కాల్చి, ఆ బూడిద కూడా అమ్ముతారు.

మొక్కుబడికి వెండి కళ్ళు కొంటారు చూడు. అవి తూకానికి అమ్మరు, జత ఇంత అని అమ్ముతారు. భక్తుడు హుండీలో వేస్తాడు. గుడివాళ్ళు వేలం పెడతారు. ఈ దుకాణందారుడే పోయి తూకానికి పాడుకొస్తాడు. మళ్ళీ జత లెక్కన అమ్ముతాడు. ఒక మూల వంగిన కళ్ళజత మూడేళ్ళలో మూడుసార్లు ఒకే దుకాణానికి తిరిగొచ్చింది. నేనే చూశా. ఎంతమంది చూపు బాగుచేసిందో అది!

ఇవన్నీ చిన్న లాభాలే. అసలు లాభం అమ్మేవాళ్ళ మొహంలో ఉంటది. కొంగులో మూట పట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి, చుట్టాలెవరన్నా చూస్తారేమోనని తల దించుకున్న ఆడమనిషిని చూడగానే తులానికి రెండు రూపాయలు తగ్గుద్ది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఇంకో రూపాయి. కాబట్టి మంచి కోక కట్టుకుని పో. ముందు కొనటానికొచ్చినట్టు కూర్చో. రేటు వాడి నోటితోనే చెప్పించు. తర్వాత నీ మూట విప్పు. రెండు దుకాణాలు తిరుగుతానని చెప్పు.

ఇదంతా నువ్వడిగావని చెప్పా. కానీ కడియాల సంగతి వేరే. వాటిని మీకు దగ్గరని మాచర్లలో అమ్మబాకు. ఎవరి ముందూ పెట్టబాకు. నా దగ్గరికి తీసకరా. నేను చూసుకుంటా. బస్సులో భయమైతే కబురు పెట్టు, నేనే వస్తా. మరిచిపోబాకు.

నీ అక్క,
జుబేదా


రెంటచింతల,
3-5-86

ప్రియమైన జుబేదక్కా,

ఒట్టేసి చెప్తన్నా, నీ మాట దాటాలని కాదు. నరసరావుపేటంటే రెండు బస్సులు మారాల. కడియాలు ఒళ్ళో పెట్టుకుని అంతదూరం కూర్చుంటే గుండాగి చస్తానని మాచర్లే పోయా. కడియాలు తీసకపోలేదులే. ముందు రేటు కనుక్కొద్దామని కోడల్ని వెంటబెట్టుకుని ఉత్త చేతుల్తో పోయా.

నువ్వు చెప్పినట్టే పెళ్ళినాటి పట్టుకోక కట్టా. ఆ ఎండకి పట్టుకోక. బస్సులో ఒకావిడ "ఎవరి పెళ్ళి పిన్నీ" అనడిగింది. ఏం చెప్పాలో తోచక "తెలవదమ్మా" అన్నా.

జానకిరామయ్య అని, మెయిన్ బజార్లో దుకాణం. పోగానే కుర్చీ వేశాడు. ఫ్యాను ఇటు తిప్పాడు. గోలీసోడా తెప్పించాడు. అక్కా, నా జన్మలో నన్నెవరూ అంత మర్యాద చెయ్యలేదు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు.

"కడియాలు," అన్నా. రేటు అడగాల గదా.

"మీ వయసుకి కడియాలేంటమ్మా, కోడలికేగా?" అన్నాడు.

లక్ష్మమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. నాకు మాట తడబడి, "కాదు కాదు, మట్టెలు" అన్నా. ఎందుకన్నానో ఆ దేవుడికి తెలియాల. పది జతలు ముందు పోశాడు. "తులం నలభై ఎనిమిది, మజూరీ వేరే" అన్నాడు. రేటు తెలిసింది గదా, లేచి రావాల్సింది. సోడా తాగి ఊరికే లేచిపోతే ఏమనుకుంటాడో అని కాళ్ళు లేవలా. మట్టెలు కొన్నా అక్కా! లక్ష్మమ్మ కాళ్ళకి అక్కడే తొడిగించాడు. ఇరవై ఏడు రూపాయలు. బియ్యం డబ్బులు.

బస్టాండు దాకా వచ్చినాక లక్ష్మమ్మ నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడింది. "అత్తయ్యా, వెండి అమ్మటానికి పోయి వెండి కొనుక్కొచ్చిన మనిషివి రెంటచింతలలో నువ్వొక్కదానివే" అంది. నాకు ఏడుపొచ్చింది. వెనక్కి పోయి, ఈ మట్టెలు తిరిగి తీసుకోవయ్యా అన్నా. గంట కూడా కాలా. కాటాలో వేసి పదహారు రూపాయలిస్తానన్నాడు. అదేందయ్యా అంటే, "అప్పుడు మీరు కొన్నారు, ఇప్పుడు నేను కొంటన్నా" అన్నాడు. సోడా మాట ఎత్తలా, ఫ్యాను కూడా అటు తిప్పుకున్నాడు. మట్టెలు తెచ్చేసుకున్నాం. లక్ష్మమ్మ కాళ్ళకి బాగానే ఉన్నయ్.

ఇంటికొచ్చేసరికి ఇక్బాల్ వచ్చి కూర్చున్నాడు. కారంపూడి నుంచి ఎవరో షాపు అడుగుతున్నారంట. "పిన్నీ, కొండలు మీద ప్రేమతో ఆపా. ఈ నెలాఖరులోపల సగమన్నా చేతిలో పెట్టాల" అన్నాడు. అందుకని కడియాలు తీసుకుని మళ్ళీ మాచర్ల పోతన్నా. ఈసారి కొండలు కూడా వస్తాడు. నువ్వేం దిగులుపడబాకు, దిగులు నేను పడతన్నాగా.

నీ తెలివితక్కువ చెల్లెలు,
కోటమ్మ


నరసరావుపేట,
9-5-86

కోటీ,

మట్టెల సంగతి చదివి మా అమ్మాయి షంషాద్ పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మాచర్ల పోవద్దు. నీకెన్నిసార్లు చెప్పాలి? రేపోమాపో నెలవంక కనపడుద్ది, రోజాలు మొదలు. ఉపవాసంతో ఈ ఎండలో నేను బయల్దేరలేను. కొండలునే కడియాలిచ్చి ఇక్కడికి పంపు. ఇక్బాల్‌కి నా పేరు చెప్పి పండగదాకా ఆపు. ఆ పిల్లోడి నాయన మాకు తెలుసు.

ఏ దుకాణంలోనూ వాటి మీద ఆకురాయి పెట్టి గీకనియ్యబాకు.

నీ అక్క,
జుబేదా


రెంటచింతల,
20-5-86

జుబేదక్కకు,

నీ జాబు ఆలస్యంగా అందింది. కడియాలు అమ్మలేదు. ఎండలు చానా ఎక్కువగా ఉన్నయ్. ఉపవాసాలు గనక ఒంట్లో జాగర్త. మజ్జిగ తాగు పొద్దు కుంకినాక.

కోటమ్మ


నరసరావుపేట,
27-5-86

ప్రియమైన కోటమ్మా,

నువ్వు కార్డు రాశావు. నాలుగు వరుసలు. నీ గురించి ఒక్క భయం కూడా రాయలేదు. ఇన్నేళ్ళలో నీ దగ్గర్నుంచి ఇట్టాంటి జాబు రాలేదు. మాచర్లలో ఆ దుకాణందారుడు నీతో ఏమన్నాడో నాకు తెలుసు. లోపల రాగి ఉందన్నాడు. అవునా?

నన్నడగలేక ఊరుకున్నావు. నేనే చెప్తా. ఉపవాసంలో ఉండి రాస్తున్నా, ఇందులో అబద్ధం లేదు.

నీకు గుర్తుండి ఉంటది, గురజాలలో ఆ కరువేడు. చెరువు పగుళ్ళిచ్చింది. ఎవరింట్లోనూ గింజ లేదు. వెండి చేయించుకునే వాళ్ళెవరు? అందరూ అమ్మేవాళ్ళే. మా పొయ్యి రెండు రోజులకోసారి వెలిగేది. అప్పుడు మా షంషాద్‌కి నాలుగేళ్ళు. సన్నిపాత జ్వరం పట్టుకుంది. గుంటూరు తీసకపోవాలి, సూదులు వేయించాలి అన్నారు. అదే వారం నువ్వు కడియాల శీల వదులయిందని బిగించమని ఇచ్చి, కాన్పుకి మీ అమ్మగారింటికి పోయావు.

ఆయన ఒప్పుకోలేదు కోటీ. ఇది నువ్వు తెలుసుకోవాలి. "నీ చెల్లెలు నమ్మి ఇచ్చిన సొమ్ము" అని రెండు రోజులు ఆ కడియాలు ముట్టుకోలేదు. నేనే పోరాను. ఆయన కాళ్ళ ముందు పిల్లని పడుకోబెట్టి, "దీన్ని చూస్తావా, వాటిని చూస్తావా" అన్నా. లోపలిది తీసి రాగి పెట్టు, పైన వెండి రేకు చుట్టి అతుకు కనపడకుండా మాటు వెయ్యి, కోటికేం తెలుసు, రోజులు బాగుపడ్డాక తిరిగి పెడదాం అని మాట మాట నేనే చెప్పా. ఆయన కుంపటి ముందు కూర్చుని ఏడుస్తూ చేశాడు. ముప్పై తులాలు తీశాం. షంషాద్ బతికింది.

రోజులు బాగుపడలేదు. మేం పేటకి వచ్చేశాం, మీరు రెంటచింతల పోయారు. ఆ తర్వాత ఆయనా నేనూ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే ఒకరి మొహం ఒకరు చూసుకోలేం. ఆయన చనిపోయేనాడు నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. అదే అయ్యుంటది అనుకుని, "నాకు తెలుసు, నేను తీరుస్తా" అని నేనే ముందన్నా.

అప్పట్నుంచీ మట్టి కడిగినప్పుడల్లా చిటికెడు వెండి పక్కన వేస్తున్నా. హార్లిక్స్ సీసాలో పంతొమ్మిది తులాలయింది. ముప్పై కాగానే నీకు తెలియకుండా కొత్త కడియాలు పోయించి మార్చేద్దామనుకున్నా. నీ కొడుకు దగ్గు నాకంటే ముందొచ్చింది.

ఆ సీసా నీదే. పండగ మర్నాడు నేనే తెస్తా. కొండలుని ఒక్క మాట అడుగు: దావూదు పెదనాయన దొంగ కాదు, ఆ పనికి పురమాయించిన మనిషి నీ పెద్దమ్మ జుబేదా అని చెబితే నమ్ముతాడేమో. నన్నేమన్నా అనండి. ఆయన్ని అనబాకండి.

జుబేదా


రెంటచింతల,
2-6-86

నా ప్రాణమైన అక్కకు,

నీ జాబు మూడు రోజుల కింద అందింది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివా. మూడుసార్లు చదివా. మరియదాసు నా మొహం చూసి మంచినీళ్ళు తాగమ్మా అన్నాడు. నేను రాసేది నువ్వు నెమ్మదిగా చదువు. ఉపవాసం విప్పినాక చదువు. కూర్చుని చదువు.

నువ్వన్నదే. మాచర్లలో జానకిరామయ్య కడియం మీద ఆకురాయి పెట్టాడు. తర్వాత దీపం సెగ చూపించాడు. తెల్లటి కడియం కాస్తా నల్లబడింది. "చూశావా, లోపల రాగి. ఎవడో నిన్ను ముంచాడు తల్లీ. పాపం పెద్దదానివి, తులానికి ఇరవై ఇస్తా, ఇంకెక్కడా అంత రాదు" అన్నాడు. కొండలు అక్కడే లేచి, "చేసింది ఎవడమ్మా, దావూదే గదా? ఇప్పుడే పేట పోయి ఆ ముసలమ్మనే అడుగుతా" అని అరిచాడు. అరిచి దగ్గాడు. "నోరుముయ్యరా, నీకు పాలిచ్చిన రోజుల్లో నాకు గంజి పోసింది ఆ ముసలమ్మే" అని నేనూ అరిచా. దుకాణంలో అందరూ చూశారు. నేను అరవటం వాడెప్పుడూ వినలా.

నిన్ను అడిగితే నువ్వు బాధపడతావు. అడక్కపోతే నా కడుపు ఉబ్బుద్ది. వారం రోజులు ఆ కడియాల మొహం చూళ్ళేదు. ఇక్బాలే చూసి, "ఎందుకు పిన్నీ ఈ యాతన, నా దగ్గర రంపం బ్లేడుంది, కోసి చూద్దాం" అన్నాడు. నాలుగు రోజులు వద్దన్నా. లోపల రాగి కనపడితే బావ మీద నాకున్న గౌరవం ఏమైపోవాల? నీ మొహం ఎట్టా చూడాల? చివరికి ఒకటి అనుకున్నా అక్కా. రాగే అయితే మంచి రేటుకి అమ్మేశానని నీకు రాసి, వాటిని నాపరాళ్ళ గుంటలో పడేద్దాం. కొండలు చేత ప్రమాణం చేయిద్దాం. అట్టా అనుకున్నాకే కోయమన్నా.

నువ్వు కవరు రాసిన రోజే, ఇరవై ఏడో తారీకు, షాపు ముందు పేపరు పరిచి కోశారు. ఆ రంపం చప్పుడుకి చెవులు మూసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డా. "పిన్నీ, చూడు" అన్నాడు ఇక్బాల్. చూడనన్నా. కొండలే వచ్చి నా భుజాలు పట్టుకుని తిప్పాడు.

తెలుపక్కా. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తెలుపే. కొబ్బరిముక్క కోసినట్టుంది. నాకు నమ్మకం కుదరక రెండోది కూడా కోయించా. అదీ అంతే. రాగి ఈగకాలంత కూడా లేదు. మరి నల్లబడిందేందయ్యా అని తర్వాత జానకిరామయ్యనే అడిగాలే, అది చెప్తా.

ఇంత అయినాక వచ్చింది నీ జాబు. నువ్వేమో లోపల రాగి అని రాశావు. నా కళ్ళముందేమో వెండి. నా అక్క అబద్ధం రాయదు, నా కళ్ళూ అబద్ధం చెప్పవు. బుర్ర తిరిగిపోయింది. రోజంతా ఆలోచిస్తే గుర్తుకొచ్చింది.

సాగరు కాలవ తవ్వుతున్న రోజుల్లో బావ ఒకసారి మా ఇంటికొచ్చాడు. భుజాన పెట్టె. కాలవ కూలోళ్ళ దగ్గర పాతవెండి కొనటానికొచ్చా మరదలా అన్నాడు. నా కాళ్ళవంక చూసి, శీల మళ్ళీ వదులయింది, రెండ్రోజులియ్యి, బిగించి తెస్తా అన్నాడు. నాకు వదులుగా ఏం అనిపించలా. అయినా ఇచ్చా. మూడోరోజు తెచ్చి తన చేత్తోనే తొడిగాడు. అడుగు వేస్తే బరువనిపించింది. "ఏంది బావా, కడియాలు బరువెక్కినయ్" అన్నా.

"వయసొస్తంది గదా మరదలా, కాళ్ళకి బరువు తెలుస్తది" అన్నాడు.

నేను నమ్మా అక్కా! ముప్పై అయిదేళ్ళకే నా కాళ్ళు చచ్చిపోతన్నయ్యని దిగులుపట్టుకుంది. ఆముదం రాయించుకున్నా. టానిక్కులు తాగా. పిడుగురాళ్ళ డాక్టరు నీకేం జబ్బులేదంటే, ఈయనకేం రాదని గుంటూరు డాక్టరు దగ్గరికి పోయా. మీ మరిది తిట్టిన తిట్లు ఇంకా చెవిలో ఉన్నయ్. రెండేళ్ళు మంచానపడతానేమోనని ఎదురుచూశా. అది జబ్బు కాదు, నీ మొగుడు తెచ్చిపెట్టిన ముప్పై తులాలు.

ఆరోజు భోంచెయ్యమన్నా వద్దన్నాడు. మజూరీ తీసుకోలా. పోతాపోతా, "నేనొచ్చానని మీ అక్కకి రాయబాకు" అన్నాడు. పని మానుకుని ఊళ్ళు తిరుగుతున్నాడని నువ్వు తిడతావేమో అనుకుని నేనూ రాయలా. ఇప్పుడర్థమయింది. తీర్చానని నీకు చెబితే, తప్పు నీదని గుర్తుచేసినట్టు ఉంటదని ఊరుకున్నాడు. పోయేనాడు చెప్పబోయింది కూడా ఇదే అయ్యుంటది. నువ్వే నాకు తెలుసని నోరు మూయించావు. నీకెప్పుడూ తొందరే.

ముక్కలు తీసుకుని మొన్న మళ్ళీ మాచర్ల పోయాం. ఈసారి పాతకోకే కట్టా. మూట విప్పి కోసిన వైపు పైకి పెట్టా. జానకిరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది మొన్నటి రాగి," అన్నా.

"వెండి మెత్తగా ఉంటదమ్మా, గట్టితనానికి పిసరంత రాగి కలుపుతారు. సెగ పెడితే పైన నల్లబడుద్ది. అది మామూలే," అన్నాడు.

"ఈ మాట మొన్న చెప్పలేదే?"

"మొన్న మీరడగలేదుగా," అన్నాడు. ఆ మనిషికి సిగ్గు కూడా తరుగులో పోయినట్టుంది.

తులం నలభై నాలుగు కట్టాడు. కొండలు పక్క దుకాణంలో అడిగొస్తానని లేస్తే కూర్చోబెట్టాడు కూడా. యాభై ఎనిమిది తులాలు. తరుగు మాట ఎత్తలా. వచ్చిన డబ్బంతా ఇక్బాల్ చేతిలో పెట్టాం. తగ్గింది షాపు నడిపి ఇమ్మన్నాడు. కొండలు నిన్న క్వారీకి పోయి తన సమ్మెట తెచ్చేసుకున్నాడు. ఇయ్యాళ ఒక పిల్లోడి సైకిల్‌కి పంచరు వేసి ముప్పావలా తెచ్చి నా చేతిలో పెట్టాడు. దగ్గు ఒక్కరోజులో పోదంట. నేను లెక్కపెట్టటం మాత్రం మానేశా. మానెయ్యాలని చూస్తన్నా.

నీ సీసా నాకొద్దు. తీసకరాబాకు. తెచ్చావంటే పండగపూట గొడవే. ఆరోజు షంషాద్ సంగతి నాతో చెబితే కడియాలు నేనే కరిగించమనేదాన్ని, ఆమాట నీకు తోచలేదు చూడు, దానికి మాత్రం నీ మీద కోపంగా ఉంది. పండగకి వస్తన్నా, ఎదురుగా కూర్చుని తిడతా.

ఈలోపల నువ్వొకటి చెయ్యి. నలుగురు పిల్లలు, అద్దె ఇల్లు, రోజుకూలి. ఆ సంపాదనలో నీకు తెలియకుండా ముప్పై తులాల వెండి ఎట్టా మిగిల్చాడు? రోజూ కంచంలో వడ్డించింది నువ్వే. ఆ ఏళ్ళలో ఆయన ఏది వద్దన్నాడో, ఏది చాలన్నాడో, ఆకలి లేదని ఎప్పుడు లేచిపోయాడో నీకు తప్ప ఎవరికీ తెలవదు. గుర్తుచేసుకుని నాకు రాయి.

నీ దగ్గరికి రావటానికి బస్సులు కనుక్కుంటన్న
కోటి